అబ్జర్వేషన్‌లో ఉంది

ఆ లిఫ్టు కంపెనీ ఆఫీసులో కూర్చుని మాట్లాడుకోవడం మానేసి నాలుగు నెలలైంది. కొత్త మేనేజరు వచ్చిన మొదటి వారంలోనే మీటింగు గదిలోని కుర్చీలన్నీ బయట పెట్టించాడు. నిలబడి మాట్లాడితే మాటలు తగ్గుతాయట. మాటలు తగ్గలేదు గానీ మోకాళ్ల నొప్పులు పెరిగాయి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఎవరి చెవిలోనైనా అని నవ్వుకుందామంటే, అనడానికి పక్కన ఒక మనిషి ఉండాలి కదా. లిఫ్టు మెకానిక్ పక్కన ఇప్పుడు ఎవరూ లేరు.

ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు. రిటైర్మెంటుకి ఇంకా పదకొండు నెలలుంది. మొన్నమొన్నటిదాకా ఆయనకొక జోడీ ఉండేవాడు. లిఫ్టు పని ఇద్దరి పని. ఒకడు పైన మోటారు గదిలో ఉంటే ఇంకొకడు కింద జనం ఎక్కే పెట్టె దగ్గరుంటాడు, ఒకడు అరిస్తే రెండోవాడు పలుకుతాడు. మేనేజరు వచ్చాక జోడీలు తీసేశాడు. దాన్ని 'లీన్' అంటారని చెప్పాడు. ఇరవై రెండేళ్లుగా కలిసి పనిచేసిన జోడీని ఊరి అవతలి బ్రాంచికి పంపేశారు. ఇప్పుడు బాబాయ్ ఒక్కడే ఎక్కుతాడు, ఒక్కడే దిగుతాడు. అలవాటు కొద్దీ "ఎత్తుతున్నా!" అని లిఫ్టు తిరిగే సొరంగంలోకి అరిచి, ఎవరూ పలక్కపోయేసరికి సిగ్గుపడి చుట్టూ చూస్తాడు.

సోమవారం పొద్దున తొమ్మిదికి అందరూ గోడల వెంబడి నిలబడ్డారు. మేనేజరుకి ముప్పై రెండేళ్లుంటాయి. చెడ్డవాడు కాదు. ఎదురుపడితే నవ్వుతాడు, ఆఖరికి వాచ్‌మన్‌ని కూడా గారూ అంటాడు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, మాట నేల మీద నిలబడదు.

"ప్రాబ్లమ్ అనే మాట ఈ గదిలో వద్దనుకున్నాం కదా. ఏమనాలి?"

"అవకాశం," అన్నారు అందరూ, ఎక్కం అప్పజెప్పినట్టు.

బాబాయ్ వంతు వచ్చింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆరంతస్తుల బిల్డింగులో లిఫ్టు బ్రేకుకి పెద్ద అవకాశం వచ్చింది సార్. డ్రమ్మును పట్టి ఆపే లైనింగు పూర్తిగా అరిగిపోయింది. రివిట్లు డ్రమ్ముకి రాసుకుంటున్నాయి."

నలుగురైదుగురు నవ్వు ఆపుకోలేకపోయారు. మేనేజరు మాత్రం నవ్వలేదు. బోర్డు మీద 'బ్రేకు' అని రాసి, చుట్టూ సున్నా చుట్టాడు.

"గుడ్. కొంచెం హై లెవెల్లో చెప్పండి బాబాయ్."

"ఆరో అంతస్తు పైన సార్, మోటారు గదిలో."

ఈసారి గదంతా నవ్వింది. తనేం తప్పన్నాడో బాబాయ్‌కి తెలియలేదు. అందరితోపాటు తనూ కాస్త నవ్వి ఊరుకున్నాడు. ఆ నాలుగు నెలల్లో ఆయన నేర్చుకున్న విద్య అదొక్కటే.

మేనేజరు ఫోన్లో ఏదో చూసుకున్నాడు. "ఈ క్వార్టర్లో దానికి మనకి బ్యాండ్‌విడ్త్ లేదు. ప్రస్తుతానికి పార్క్ చేద్దాం. ఓకే?"

బాబాయ్‌కి ఒక్క క్షణం నమ్మకం కలగలేదు. రెండు వారాలుగా ఈ బ్రేకు సంగతి చెబుతూనే ఉన్నాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు ఏవేవో ఫారాలు నింపమనడమే తప్ప, విన్నవాడు లేడు. ఇవాళ ఈ కుర్రాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"పార్క్ చేసెయ్యమంటారా సార్?"

"పార్క్ చేసేద్దాం."

"అలాగే సార్," అన్నాడు బాబాయ్. ఆ గదిలో మనస్ఫూర్తిగా ఆ మాట అనడం ఆయనకదే మొదటిసారి.

లిఫ్టు పనివాళ్ల భాషలో పార్క్ చెయ్యడమంటే ఒక్కటే అర్థం. పెట్టెను కింది అంతస్తుకి దించి, తలుపులు బిగించి, పైన మెయిన్ స్విచ్ ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకోవడం. మళ్లీ ఆ చెవి ఉన్నవాడొచ్చేదాకా ఆ లిఫ్టుని ఎవడూ కదపకూడదు. బాబాయ్ అరగంటలో ఆ బిల్డింగులో ఉన్నాడు. పెట్టెను కిందికి దించాడు. అది ఆగవలసిన చోట ఆగకుండా బెత్తెడు జారి, గడప కింద నిలబడింది. తలుపులు లాగి చూసి, ఆరంతస్తులూ మెట్లెక్కి మోటారు గదికి వెళ్లాడు. డ్రమ్ము కింద నల్లటి పొడి గుప్పెడు రాలి ఉంది. డ్రమ్ము మీద వేలు పెట్టి తిప్పితే, రివిట్లు గీసిన గాడి గోటికి తగిలింది. స్విచ్ కిందికి లాగి, తాళం వేసి, రెండుసార్లు గుంజి చూసుకున్నాడు. గుడ్డతో పొడంతా తుడిచి, ఆ గుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కిందికొచ్చి వాచ్‌మన్ బల్ల మీదున్న పుస్తకంలో తేదీ వేసి 'పార్క్ చేశాను' అని రాశాడు. తలుపుకి బోర్డు తగిలించాడు.

ఆ సాయంత్రం గదికొచ్చి స్టవ్వు వెలిగిస్తూ, "పార్క్ చేద్దాం అన్నాడు," అని పైకే అన్నాడు. ఎవరికైనా చెప్పుకోవాలనిపించేంత సంతోషంగా ఉంది. ఆ ఇంట్లో రెండో గొంతు లేదు. గిన్నెలో నీళ్లు కాగేదాకా అక్కడే నిలబడి, మేనేజరు గొంతుతో ఒకసారి, తన గొంతుతో ఒకసారి ఆ సంభాషణంతా మళ్లీ నడిపించుకున్నాడు.

*

బుధవారం పొద్దున ఆఫీసులో అడుగు పెట్టేసరికి అందరి ముఖాల్లోనూ నవ్వు తిరుగుతోంది. రిజిస్టర్లు రాసే అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. రిజిస్టరమ్మ అంటారు ఆమెను. "బాబాయ్, లోపలికి రమ్మంటున్నారు," అని తల దించుకుంది.

మేనేజరు అద్దాల గదిలో నిలబడే ఉన్నాడు. ఆయన గదిలో కుర్చీ ఉంది గానీ, అందులో ఆయన కూర్చోగా చూసినవాళ్లు తక్కువ.

"బాబాయ్, లిఫ్టు ఎందుకాపారు?"

"మీరే కదా సార్ పార్క్ చెయ్యమన్నారు."

మేనేజరు నుదురు పట్టుకున్నాడు. "అయ్యో. నేను పార్క్ అన్నది ఆ టాపిక్‌ని. ఆ విషయం తర్వాత చూద్దాం, ప్రస్తుతానికి పక్కన పెడదాం అని. లిఫ్టుని కాదు."

బాబాయ్‌కి చెవుల దాకా వేడెక్కింది. అద్దం అవతల ఎవరో కిసుక్కుమన్నారు. సోమవారం సాయంత్రం స్టవ్వు ముందు తను పడిన సంతోషం గుర్తొచ్చి, దాన్ని ఎవరూ చూడనందుకు మొదటిసారి ఊపిరి పీల్చుకున్నాడు.

"ఆ బిల్డింగు వాళ్లు రెండ్రోజుల్లో పద్నాలుగు కంప్లయింట్లు పెట్టారు. పైనుంచి నన్నడుగుతున్నారు. మధ్యాహ్నానికి లిఫ్టు తిరగాలి. తర్వాత ఇదొక్కటి సంతకం పెట్టండి. ఫార్మాలిటీ, అంతే."

కాగితం మీద టైపు చేసి ఉంది. 'నా వైపు నుంచి కమ్యూనికేషన్ గ్యాప్ ఏర్పడింది. ఇకపై టీముతో అలైన్‌మెంట్‌లో ఉంటాను.' బాబాయ్‌కి తెలిసిన అలైన్‌మెంట్ లిఫ్టు పట్టాలది. దారానికి గుండు కట్టి పైనుంచి వేలాడదీసి చూసేది. ఇది అది కాదని మాత్రం అర్థమైంది.

"బ్రేకు సార్..."

"నెమ్మదిగా నడిపించండి. క్లోజ్‌గా మానిటర్ చేద్దాం."

పదకొండు నెలలు, అనుకున్నాడు బాబాయ్. "వచ్చాక సంతకం పెడతాను సార్," అని తాళంచెవి తడుముకుంటూ బయటికొచ్చాడు.

బిల్డింగు మెట్ల మీద మూడో అంతస్తు మలుపులో, అయిదో అంతస్తులో కర్టెన్లు కుట్టే ఆవిడ ఎదురైంది. గుడ్డల మూటను మెట్టు మీద పెట్టి, గోడకి ఆనుకుని రొప్పుతోంది. వయసు యాభై దాటి ఉంటుంది. ఆయన చొక్కా మీద కంపెనీ బొమ్మ చూసి గయ్యిమంది.

"నీ పుణ్యమా అని మోకాళ్లు పడిపోయాయయ్యా! ఎప్పుడు తిప్పుతావు దీన్ని?"

"తిప్పడానికే వెళ్తున్నానమ్మా."

"హమ్మయ్య. బాగయిందా?"

బాబాయ్ మెట్ల వైపు చూశాడు. "అబ్జర్వేషన్‌లో ఉందమ్మా."

ఆవిడ పైట చెంగుతో ముఖం తుడుచుకోవడం ఆపింది. "అంటే ఏంటి? బాగయినట్టా, కానట్టా?"

"కానట్టే."

"ఈ మాట నేను ఈమధ్యే ఎక్కడో చదివాను. ఆగు. వాచ్‌మన్ పుస్తకంలో. నిన్న కోపమొచ్చి అదంతా తిరగేశా. రెండు వారాల కిందట అదే రాశావు. పోయిన వారమూ అదే. బ్రేకు, అబ్జర్వేషన్‌లో ఉంది. ఎవరు చూస్తున్నారయ్యా దాన్ని?"

"నేనేనమ్మా."

"మరి నీకేం కనబడింది?"

"అరుగుతోంది."

"మేం ఎక్కుతూనే ఉన్నాం కదా," అందావిడ.

కోపంగా అనలేదు. అదే ఆయనకు దెబ్బ. తిట్టి ఉంటే పదకొండు నెలల సంగతీ, మేనేజరు సంగతీ, ఫారాల సంగతీ చెప్పుకునేవాడు. ఆవిడ లెక్క చూసుకుంటున్నట్టు గోడ వైపు చూస్తూ మాట్లాడింది. "పోయిన గురువారం ఏడుగురం ఎక్కాం. గడప దగ్గర మెట్టులా దిగిపోయి ఆగితే నేనే నవ్వాను, దీనికీ నాలాగే మోకాళ్లు పోయాయని. నాకొక మాట చెప్తే మెట్లెక్కేదాన్నిగా? నిన్ను తిట్టుకుంటూ ఎక్కేదాన్ని. కానీ ఎక్కేదాన్ని."

బాబాయ్ వంగి ఆవిడ మూట ఎత్తుకోబోయాడు. ఆవిడ మూట తన వైపు లాక్కుని, "వద్దులే," అని నెమ్మదిగా పైకి వెళ్లిపోయింది.

మోటారు గదిలో ఆయన తాళం తీశాడు. స్విచ్ పిడి మీద చెయ్యి వేశాడు. అంతే, అక్కడే ఉండిపోయాడు. మేనేజరు మాటలకు లోపల్లోపల నవ్వుకున్నవాడు, 'అబ్జర్వేషన్' అనే మాట తనకి ఎవరు నేర్పారా అని ఆలోచించాడు. ఎవరూ నేర్పలేదు. 'బ్రేకు అరిగింది' అని రాస్తే, తర్వాతి మాట 'లిఫ్టు ఆపాను' అని రాయాల్సి వస్తుంది. అది రాయడానికి భయమేసింది. అందుకని రెండు వారాల కిందట, ఇదే గదిలో నిలబడి, తనే ఆ మాట వెతుక్కున్నాడు. అది రాసుకున్నాక హాయిగా మెట్లు దిగి వెళ్లిపోయాడు కూడా. సోమవారం లిఫ్టు ఆగింది తన వల్ల కాదు. ఒక పొరపాటు వల్ల ఆగింది.

ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఫోన్ తీసి జోడీకి చేశాడు.

"అన్నా! ఎన్నాళ్లయింది!" అని ఉత్సాహంగా పలికాడు జోడీ. బాబాయ్ సంగతంతా చెప్పాడు. రెండు వారాల మాటా దాచలేదు. చెబుతున్నంతసేపూ అవతలి నుంచి ఊ కొట్టడం వినిపించింది. ఇదివరకైతే మధ్యలోనే, ఏంటన్నా, నీకు బుద్ధుందా అని అరిచేవాడు.

"చూడన్నా," అన్నాడు జోడీ చివరికి. "నన్నిక్కడ సేఫ్టీ ఛాంపియన్ చేశారు, తెలుసుగా. నేను చెప్పేదేంటంటే, దీన్ని నెగెటివ్‌గా తీసుకోకు. ఓనర్‌షిప్ తీసుకో. స్టేక్‌హోల్డర్లందరితో ఒకసారి కనెక్ట్ అవ్వు."

"ఒరే."

"ఆ, అన్నా."

"తిప్పమంటావా, వద్దంటావా?"

"నేను మీటింగులో ఉన్నా. మళ్లీ చేస్తా," అన్నాడు జోడీ.

ఫోన్ జేబులో వేసుకున్నాక ఆ గది ఇంకా చిన్నదైనట్టనిపించింది. ఇరవై రెండేళ్లు ఆ గొంతు నమ్మి సొరంగంలో వేలాడాడు. ఇప్పుడు తన ప్రశ్న తనకే మిగిలింది. ఇక అడగడానికి ఎవరూ లేరని తేలిపోయాక, విచిత్రంగా, ఏం చెయ్యాలో తేలికగానే తెలిసింది. స్విచ్‌కి మళ్లీ తాళం వేశాడు. గుంజి చూసుకున్నాడు. దిగేటప్పుడు అయిదో అంతస్తులో ఒక్క క్షణం ఆగాడు. లోపల కుట్టు మిషను నడుస్తోంది. తలుపు తట్టలేదు.

*

గురువారం మీటింగు మొదలవకముందే ఆయన అద్దాల గదిలోకి వెళ్లాడు. సంతకం పెట్టాల్సిన కాగితాన్ని బల్ల మీద పెట్టాడు. సంతకం లేదు.

"లిఫ్టు తిప్పలేదట?" అన్నాడు మేనేజరు. నిద్ర లేని కళ్లు.

"తిప్పుతాను సార్. మీరొక మాట రాసివ్వండి."

"ఏం రాయాలి?"

"బ్రేకు అరిగిన లిఫ్టులో జనాన్ని ఎక్కించి తిప్పు, అని."

మేనేజరు నవ్వబోయి మానుకున్నాడు. కంప్యూటరు ముందుకి వంగి టకటకా కొట్టాడు. "ఇదిగో, వినండి. రిస్కులను తగిన విధంగా బ్యాలెన్స్ చేసుకుంటూ, సేవలను వెంటనే..."

"అలా కాదు సార్. మామూలుగా."

"ఇదీ అదే అర్థం బాబాయ్."

"అర్థం అదే అయితే మామూలుగా రాయండి."

మేనేజరు మళ్లీ వేళ్లు మీటల మీద పెట్టాడు. 'బ్రేకు' అని కొట్టాడు. 'అరిగిన' అని కొట్టాడు. తర్వాతి మాటకి వేళ్లు రాలేదు. మింగలేక కక్కలేక అన్నట్టు ఆ రెండు మాటల వైపే చూస్తూ, ఆ నాలుగు నెలల్లో మొదటిసారి కుర్చీలో కూలబడ్డాడు.

"పోయిన నెల స్పేర్ పార్టులు అందరికన్నా తక్కువ వాడానని నాకు చప్పట్లు కొట్టారు బాబాయ్," అన్నాడు. "ఇప్పుడు బ్రేకులు అడిగితే ఏమంటారో. నాకు భయమేస్తోంది."

ఈ మాటలో తనకి తెలియని ముక్క ఒక్కటీ లేదు. బాబాయ్‌కి ఆ కుర్రాడి మీద కోపం పోయింది. భయమేస్తే తను ఒక మాట వెనక దాక్కున్నాడు, ఇతను వంద మాటల వెనక దాక్కున్నాడు. తేడా చదువుదే.

"ఒక తెల్ల కాగితమివ్వండి," అన్నాడు.

నిలబడే, బల్ల మీదికి వంగి రాశాడు. ఆయన దస్తూరీ పెద్దది, అక్షరానికీ అక్షరానికీ మధ్య చోటుంటుంది. 'ఆరంతస్తుల బిల్డింగులో లిఫ్టు బ్రేకు అరిగిందని నాకు రెండు వారాల కిందటే తెలుసు. తెలిసీ లిఫ్టు తిప్పాను. అది నా తప్పు. ఇప్పుడు ఆపాను. కొత్త లైనింగు వేసేదాకా తిప్పను.' కింద సంతకం చేసి, తేదీ వేశాడు.

మేనేజరు రెండుసార్లు చదివాడు. "మొదటి మూడు వాక్యాలూ తీసేద్దాం బాబాయ్. మీ మంచికే చెప్తున్నా. తెలిసి తిప్పానని మీరే రాస్తే మిమ్మల్నెవరూ కాపాడలేరు."

"అవి తీసేస్తే మిగతా రెండూ నిలబడవు సార్. మొన్నటిదాకా తిప్పినవాడు ఇప్పుడెందుకు ఆపాడంటారు."

తాళంచెవిని కాగితం మీద పెట్టాడు. పెట్టాక, వీపు మీద మోస్తున్న బరువేదో దించినట్టనిపించింది. మీటింగులో ఆ రోజు ఆయన వంతు రాలేదు. ఎవరూ ఆయన వైపు చూడలేదు.

శుక్రవారం సాయంత్రం రిజిస్టరమ్మ ఒక కవరు తెచ్చిచ్చింది. బాబాయ్ చదివాడు. 'సంస్థ పునర్వ్యవస్థీకరణ ప్రయాణంలో భాగంగా మిమ్మల్ని తక్షణం ట్రాన్సిషన్ చేయడమైనది.' రెండోసారి కూడా చదివి ఆమెకిచ్చాడు.

"ఏంటి తల్లీ ఇది?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "రేపట్నుంచి రావద్దని బాబాయ్."

"ఓ," అన్నాడు. కవరులో కాగితాన్ని మళ్లీ సరిగ్గా మడిచి పెట్టాడు.

"మేనేజరు గారు మీ కాగితం పైకి పంపారు," అంది ఆమె గబగబా, ఎవరైనా వింటారేమోనని గొంతు తగ్గించి. "నన్నే పంపమన్నారు. ఏమైనా మార్చమంటారా సార్ అంటే, ఒక్క అక్షరం ముట్టుకోవద్దన్నారు. బ్రేకు సామాను కూడా ఆ పూటే తెప్పించారు."

బాబాయ్ అద్దాల గది వైపు చూశాడు. మేనేజరు వీపు కనబడుతోంది. చెప్పి వెళదామా అనుకున్నాడు గానీ, ఏ మాట మొదలుపెట్టినా అతనికి ఏడుపొస్తుందేమో అనిపించి ఊరుకున్నాడు.

*

మర్నాటి నుంచి పొద్దున్నే మెలకువ వచ్చేది. లేచి చేసేదేమీ లేదు. గడ్డం గీసుకుని కూర్చునేవాడు. జోడీ ఫోను చెయ్యలేదు. ఆదివారం ఒకసారి తనే చేద్దామని నంబరు దాకా వెళ్లి మానుకున్నాడు. రోజంతా నోట్లోంచి ఒక్క మాట రాకుండా గడిస్తే, సాయంత్రానికి గొంతు తుప్పు పట్టినట్టుండేది.

మంగళవారం మామూలు చొక్కా వేసుకుని ఆ బిల్డింగుకి వెళ్లాడు. తలుపుకి బోర్డు లేదు. నిన్ననే బాగు చేశారని వాచ్‌మన్ చెప్పాడు.

"ఎవరొచ్చారు?"

"ఇద్దరొచ్చారు. ఒకతను పైన, ఒకతను కింద. మధ్యాహ్నం దాకా ఒకటే కేకలు."

ఇద్దరు అనగానే బాబాయ్ గుండెలో ఏదో కలుక్కుమంది. సంతోషమే. అందులో సగం కుళ్లు. ఆ రెండోవాడి చోట తను ఉండాల్సింది.

లోపలికెక్కి తలుపు లాగి, అయిదు నొక్కాడు. పనివాడిగా వెయ్యిసార్లు ఎక్కి ఉంటాడు గానీ, అలా చేతులు కట్టుకుని ఎక్కడం అదే మొదలు. అంతస్తులు ఒక్కొక్కటే కిందికి పోతున్నాయి. చెవి రిక్కించి విన్నాడు. మోటారు ఆగింది, పైన బ్రేకు పట్టుకున్న చప్పుడు ఒక్కటే వచ్చింది, పెట్టె నిలబడింది. తలుపు తీసి, గొంతుక్కూర్చుని గడప మీద వేలు పెట్టాడు. పెట్టె నేలా బయటి నేలా ఒక్కటే మట్టం. వేలు అటూ ఇటూ జరిపాడు. ఎక్కడా తగల్లేదు.

తలెత్తేసరికి ఎదురుగా కర్టెన్ల ఆవిడ, చంకలో మూటతో.

"నువ్వా! యూనిఫాం ఏదీ?"

బాబాయ్ గోడ పట్టుకుని లేచాడు. "మానిపించారమ్మా."

ఆవిడ మూట చంక మార్చుకుంది. "మా లిఫ్టు వల్లా?"

"కాదు. నా వల్లే."

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత పెట్టెలోకి చూసింది. అడుగు మాత్రం ముందుకి వెయ్యలేదు. లిఫ్టు బాగయ్యాక కూడా ఆవిడ మెట్ల మీదే తిరుగుతోందని బాబాయ్‌కి అప్పుడు అర్థమైంది. బాగయిందని రాసిన పుస్తకం కింద ఉంది, దాన్ని ఆవిడ నమ్మలేదు.

"ఎక్కొచ్చా?" అనడిగింది.

ఆ లిఫ్టుతో ఆయనకిప్పుడు ఏ సంబంధమూ లేదు. అవునని చెప్పే అధికారమూ లేదు. నాకేం తెలుసమ్మా, కంపెనీ వాళ్లనడుగు అనొచ్చు.

"ఎక్కొచ్చమ్మా," అన్నాడు.

ఆవిడ ఎక్కింది. మూటను ఒక మూలకి నెట్టి, ఆయన నిలబడడానికి చోటిచ్చింది.